పాత ట్రక్కు, కొత్త ఆయిల్

"ఈసారైనా గ్రూప్ వన్ నోటిఫికేషన్ పడుతుందంటారా?"

"పడేదాకా చదవడమే మన పని."

కోడ్ సరిపోయింది. ఇంద్రసేన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

చిక్కడపల్లి లైబ్రరీలో తలుపులు తీసీ తీయకముందే కుర్చీలు నిండిపోతాయి. ఉద్యోగాల పరీక్షలకు కుస్తీ పడుతున్న కుర్రవాళ్ళ మధ్య, జుట్టుకి రంగేసుకుని చంకలో చిరిగిన గైడుతో కూర్చున్న పెద్దమనిషి పేరు శ్రీరామమూర్తి. సీక్రెట్ సర్వీస్ హైదరాబాద్ చీఫ్. ఈ వేషం ఆయనే ఏరికోరి ఎంచుకున్నాడు. యాభై దాటినా ఇంకా పరీక్ష రాస్తున్నవాణ్ణి చూస్తే అశోక్‌నగర్‌లో ఎవరైనా జాలిపడతారు తప్ప అనుమానపడరు.

ఇంద్రసేన వేషంలో సగం నిజమే. సైన్యంలో బండ్లు బాగుచేసే విభాగంలో కెప్టెన్‌గా చేశాడు. ఇప్పుడు అశోక్‌నగర్ గల్లీలో ఒక గ్యారేజీ. 'సినిమా షూటింగులకు పాత మిలిటరీ బండ్లు కిరాయికి ఇవ్వబడును' అని బోర్డు.

"చెప్పండి సార్."

శ్రీరామమూర్తి పేపర్లో తల దూర్చి, బిట్లు వల్లె వేస్తున్నట్టు గొణిగాడు. "ఆబ్జెక్ట్: మిసైల్‌కి దారి చూపే జైరో. కొబ్బరికాయంత ఉంటుంది. శుక్రవారం పొద్దున నీ గ్యారేజీలో బయలుదేరి నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కాలి. వెహికల్: నీ పాత వన్ టన్ ట్రక్కు. కవర్: సినిమా షూటింగ్."

"అసలు మిలిటరీ వ్యాన్లోనే పంపొచ్చు కదా?"

"అసలు వ్యాను వెళితే నలుగురు చూస్తారు, నలుగురూ లోపల ఏముందా అని ఆలోచిస్తారు. సినిమా వ్యాను వెళితే నాలుగొందల మంది చూస్తారు, అందరూ హీరో ఎవరా అని ఆలోచిస్తారు."

"సిల్వర్ క్రౌన్ వాళ్ళకు తెలుసా?"

"తెలిసేలా నేనే చేశాను. ఈ రోజు పట్టుకుంటే నాకు దొరికేవి ఆయిల్ డబ్బాలూ టీ షర్టులూ. శుక్రవారం ఆ పెట్టె మీద చెయ్యి వేస్తుండగా పట్టుకోవాలి."

అది తొంభై అయిదో సంవత్సరం. సర్కారు తలుపులు బార్లా తీసేసరికి ఫారిన్ ఇంజన్ ఆయిళ్ళు ఊరంతా వరదలా వచ్చి పడ్డాయి. డబ్బా కొంటే టీ షర్టు ఉచితం, రెండు కొంటే గొడుగు ఉచితం. నారాయణగూడ చౌరస్తాలో తళతళలాడే 'సిల్వర్ క్రౌన్ లూబ్రికెంట్స్' షోరూం కూడా అలా వచ్చిందే. వెనక మాత్రం డిఫెన్స్ రహస్యాలు కొనే విదేశీ ముఠా ఉంది. మేనేజర్ విఠల్ దానికి ఇక్కడ పెద్దదిక్కు. షోరూం మీద హోర్డింగ్‌లో పసుపు చీర కట్టుకుని, వెండి రంగు డబ్బాని బుగ్గకానించి నవ్వే అమ్మాయి విజయశ్రీ. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె డిపార్ట్‌మెంట్ మనిషి. ఎండాకాలం వెళ్ళాక ఇంద్రసేనకు భార్య కావలసిన మనిషి కూడా.

శ్రీరామమూర్తి గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక చిక్కొచ్చింది. నిన్న విఠల్ మనిషి ముషీరాబాద్‌లో ఒక మెకానిక్‌ని కదిలించాడు. ఏళ్ళ తరబడి పాత రకం ఆయిల్ మీద నడిచిన మిలిటరీ ఇంజన్‌లో కొత్త రకం పోస్తే బండి ఎంత దూరం పోతుంది అని."

ఇంద్రసేన చెయ్యి పేపరు మీదే ఆగిపోయింది.

అది ఊరికే పుట్టే ప్రశ్న కాదు. పాత మిలిటరీ ఇంజన్లకు సాదా ముప్పై నంబరు ఆయిలే పొయ్యాలి. అందులో కడిగే మందులేవీ ఉండవు. ఇన్నేళ్ళ మడ్డి ఇంజన్ అడుగున పేరుకుని, ఎవరి జోలికీ పోకుండా పడి ఉంటుంది. కొత్త మల్టీగ్రేడ్‌లో కడిగే మందులుంటాయి. కొత్త ఇంజన్‌కి అది అమృతం. పాతదాంట్లో పోస్తే ఆ మడ్డినంతా పెళ్ళలు పెళ్ళలుగా లేపుతుంది. అది పోయి ఆయిల్ పంపు మూతి దగ్గర జల్లెడకు అడ్డం పడుతుంది. ఆయిల్ పైకి ఎక్కదు, ఇంజన్ నడిరోడ్డు మీద సీజ్ అయి బిగుసుకుపోతుంది.

"ఈ ఆలోచన స్పైలకు రాదు. ఎవరో అందించారు. నువ్వు ఎవరితో అన్నావు?"

ఒక్క మనిషితోనే అన్నాడు. నారాయణగూడ ఇరానీ హోటల్లో, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ. ప్రేమలో పడ్డవాడు చందమామ గురించి చెప్తాడు, వీడు మడ్డి గురించి చెప్పాడు. ఆమె పకపకా నవ్వింది. "కెప్టెన్ సాబ్, లగ్గమైనంక గూడ నువ్వు గిదే ముచ్చట పెడ్తవా ఏంది?" అయినా అంతా విన్నది, ఎదురు ప్రశ్నలు కూడా వేసింది.

"విజయశ్రీతో" అన్నాడు.

"వారం నుంచి ఆమె మీటింగ్ పాయింట్‌కి రావడం లేదు." శ్రీరామమూర్తి గైడు మూశాడు. "నా దగ్గర ఇద్దరే మనుషులు మిగిలారు. వాళ్ళను షోరూం ఎదుట పెడితే, గొడవ మొదలవగానే ఆమెను బయటికి లాగేస్తారు. లేదూ ఆమె అటు తిరిగిపోయిందంటే, ఆ ఇద్దరూ నీ ట్రక్కులో ఉండాలి. ఆమె సంగతి నాకన్నా నీకు తెలుసు. ఎక్కడ పెట్టాలో రేపు సాయంత్రంలోగా చెప్పు."

ఇంద్రసేన లైబ్రరీ మెట్లు దిగాడు. ఆమె ప్రాణం తన నోటి మాటలో పెట్టి పంపించాడు చీఫ్. ఆమె అలాంటిది కాదని గుండె చెబుతూనే ఉంది. కాని గుండె మాట వినొద్దని డిపార్ట్‌మెంట్ ట్రెయినింగ్‌లో మొదటి పాఠమే చెప్పారు, అతను మంచి స్టూడెంటు.

* * *

మర్నాడు మధ్యాహ్నం ఎర్ర మారుతీ గ్యారేజీ ముందు ఆగింది. మొదట నల్ల కళ్ళద్దాలు, తర్వాత పసుపు చీర, ఆ వెనక సెంటు వాసన దిగాయి. గల్లీలో కోచింగుకి పోతున్న కుర్రాళ్ళు నోట్సులు జారవిడుచుకున్నారు. విజయశ్రీ వెనకే విఠల్, చేతిలో పొడుగాటి నల్ల గొడుగు. అతని వెనక మెడలో కెమెరా వేసుకున్న మనిషి.

"నమస్తే సార్" అంది ఆమె, అపరిచితుడితో మాట్లాడినట్టే. "సిల్వర్ క్రౌన్ కెల్లి వచ్చినం. సినిమా బండ్లకు మా కొత్త మల్టీగ్రేడ్ ఫ్రీ. నా చేతుల తోటి పోస్త, ఫొటో తీస్కుంటం. మీ గ్యారేజీ పేరు గూడ పేపర్ల పడ్తది."

కాదంటే విఠల్‌కి అనుమానం వస్తుంది. ఇంద్రసేన గ్యారేజీ ఓనరు నవ్వు నవ్వాడు. "ఫ్రీ అంటే ఎవరొద్దంటరు మేడం?"

అతని పనివాడు హనుమప్ప పాత ఆయిల్ దించేశాడు. పాలమూరు నుంచి కట్టడం పనికొచ్చి, ఒంటికి సిమెంటు పడక ఈ గ్యారేజీలో చేరినవాడు. విజయశ్రీ చీర కొంగు బొడ్లో దోపి, వెండి డబ్బా మూత తీసి, తేనెలా మెరుస్తున్న ఆయిల్ ఆ ముసలి ఇంజన్ నోట్లో పోసింది. ఒక్క చుక్క కింద పడలేదు. ఇంద్రసేన ఆమె చేతినే చూస్తూ నిలబడ్డాడు. తను చెప్పిన ముచ్చట, తనకే, తన కళ్ళముందే.

"జర స్టార్ట్ చెయ్యుండ్రి, ఫొటోల పొగ గూడ పడాలె" అన్నాడు విఠల్.

స్టార్ట్ చేస్తే మడ్డి కదలడం మొదలవుతుంది. ఇంద్రసేన చెవి గోక్కున్నాడు. అది హనుమప్పకు సిగ్నల్. అతను బానెట్ తుడుస్తున్నట్టు వంగి బ్యాటరీ వైరు లాగేశాడు. ఇంద్రసేన తాళం తిప్పాడు, ఇంజన్ కదల్లేదు.

"బ్యాటరీ డౌన్ సార్."

"మా వ్యాన్ల ఉన్నది, తెప్పిస్త."

"ఇడ్సిపెట్టుండ్రి సార్" అంది విజయశ్రీ, విసుగ్గా విసనకర్రలా చెయ్యి ఊపుకుంటూ. "ఎండకు నా మేకప్ అంత కారిపోతున్నది. వచ్చిన ఫొటోలు చాలవా?"

నా ముందు నిలబడటానికి మొహం చెల్లడం లేదన్నమాట, అనుకున్నాడు ఇంద్రసేన.

వెళ్ళేముందు ఆమె ఖాళీ డబ్బా అతని చేతిలో పెట్టి కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బండి మంచిగ చూస్కోండ్రి సార్. ఈ ఆయిల్ ఏం చేస్తదో మీకు తెల్వంది కాదు."

సేల్స్ మాట అనుకుని విఠల్ మెచ్చుకోలుగా నవ్వాడు. ఇంద్రసేనకు మాత్రం అది ఎగతాళిలా వినిపించింది.

మారుతీ మలుపు తిరగ్గానే అతను ట్రక్కు కింద దూరి ఆయిల్ ప్లగ్గు విప్పాడు. వెండి డబ్బా సరుకంతా తట్టలోకి దిగింది. మడ్డి ఇంకా కదల్లేదు. పాత రేకు డబ్బాలోంచి ముప్పై నంబరు పోసి, గుడ్డతో మూత తుడిచి బిగించాడు.

"సార్" అన్నాడు హనుమప్ప తట్ట పట్టుకుని. "కొత్త ఆయిల్ పోస్తే బండి పోతదని ఆయమ్మకు ఎర్కలేదా? మన మేడమే గద."

"ఎర్కే. ఎర్క ఉండే పోసింది."

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. "ఇద్దరూ ట్రక్కులోనే ఉండాలి సార్."

అవతల శ్రీరామమూర్తి మళ్ళీ అడిగాడు. "ఖాయమా? అప్పుడు షోరూం దగ్గర ఆమెకు ఎవరూ ఉండరు."

"ఖాయం."

ఫోన్ పెట్టేశాక కూడా రిసీవర్ వదల్లేకపోయాడు. బయట క్యూలో ఉన్నాయన అద్దం మీద తడితే గాని ఈ లోకంలోకి రాలేదు.

* * *

శుక్రవారం పొద్దున ట్రక్కు బయలుదేరింది. ఇంద్రసేన మేజర్ డ్రెస్సులో, అంటించుకున్న బొద్దు మీసంతో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన హవల్దార్ వేషంలో హనుమప్ప. సీటు కింద సినిమా రీలు డబ్బాలో జైరో. వెనక టార్పాలిన్ కింద చీఫ్ మనుషులిద్దరూ. డాష్‌బోర్డులో పాత మీటరు వెనక చిన్న వైర్‌లెస్, అందులో శ్రీరామమూర్తి గొంతు.

మార్నింగ్ షో టికెట్లకు లైను కట్టిన జనం ట్రక్కును చూసి ఈలలు వేశారు. "అన్నా, ఏం సినిమా?"

"పేరింక పెట్టలే!" అని అరిచాడు హనుమప్ప. వేషం అతనికి ఒంటబట్టింది.

చిక్కడపల్లి మలుపులో కూరగాయల బండి అడ్డొచ్చి ట్రక్కు దాదాపు ఆగినంత పని అయింది. పక్క మేడ మీద కిటికీ తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. ఇంద్రసేన దాన్ని చూశాడు, మరిచిపోయాడు. అతని కళ్ళు ఆయిల్ ప్రెషర్ ముల్లు మీదే ఉన్నాయి. ముల్లు కదలకుండా నిలబడింది.

నారాయణగూడ చౌరస్తా. షోరూం ముందు వాలు మీద తెల్ల వ్యాను, 'ఉచిత బ్రేక్‌డౌన్ సర్వీస్' అని రాసి, వెనక లాగే గొలుసుతో సిద్ధంగా ఉంది. ప్లాను ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. ట్రక్కు వాళ్ళ గుమ్మం ముందే చచ్చిపోవాలి. నవ్వు మొహాలతో వచ్చి దాన్ని లోపలికి లాక్కుపోవాలి. ఊళ్ళోవాళ్ళు ఎంత మంచి కంపెనీ అనుకోవాలి.

విఠల్ గొడుగు పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. వాలు పైన, జనానికి చూపించడానికి మూత తీసి పెట్టిన ఆయిల్ డ్రమ్ము పక్కన, పసుపు చీరలో విజయశ్రీ. ఆమె ట్రక్కును చూడటం లేదు. రోడ్డుకి అవతల పాన్ డబ్బా దగ్గర నిలబడ్డ మనుషుల వంక చూస్తోంది.

ట్రక్కు ఆగలేదు. ముసలి ఇంజన్ గుడుగుడుమంటూ చౌరస్తాలోకి వచ్చేసింది. విఠల్ మొహం మాడిపోయింది. "అడ్డం పెట్టు!" అని కేక వేశాడు. వ్యాను ఒక్క ఊపున ముందుకి దూకింది.

అప్పుడు విజయశ్రీ రెండు చేతులతో డ్రమ్ము తోసేసింది.

నూరు లీటర్ల సిల్వర్ క్రౌన్ మల్టీగ్రేడ్ వాలంతా పారింది. వ్యాను చక్రాలు గిర్రున తిరిగి, బండి పక్కకు జారి, సొంత షోరూం అద్దాల్లోకే దూసుకుపోయింది. ఆ ఆయిల్ దేశానికి చేసిన మేలు అదొక్కటే.

విఠల్ గొడుగు ఎత్తాడు. దాని మొనలో గన్ ఉంది. గురి ఇంద్రసేన కణత మీదకి. వేలు బిగుస్తున్న ఆఖరి క్షణంలో విజయశ్రీ ఆ మొనను పట్టుకుని తన మీదకి లాక్కుంది.

ఢాం!

ట్రక్కు పక్కద్దంలో పసుపు చీర నేల మీదకి ఒరగడం ఇంద్రసేన చూశాడు. వెనక మనుషులిద్దరూ కదులుతున్న ట్రక్కులోంచి దూకి షోరూం వైపు పరుగెత్తారు. వాళ్ళు ఆ పాన్ డబ్బా దగ్గరే ఉండి ఉంటే నాలుగంగల్లో చేరేవాళ్ళు. అతని కాలు బ్రేకు మీదకి పోయింది.

"ఆగొద్దు!" వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. "పెట్టె ముందు. ఇది ఆర్డర్."

కాలు బ్రేకు మీంచి తీశాడు. ఆ తీయడం జన్మలో మరిచిపోలేనిదయింది. బషీర్‌బాగ్ వెళ్ళింది, నాంపల్లి వచ్చింది, జైరో రైలెక్కింది. దారి పొడుగునా ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒక్క గీత కూడా కదల్లేదు. హనుమప్ప ఏడుస్తూనే ఉన్నాడు.

* * *

గాంధీనగర్‌లో డిపార్ట్‌మెంట్ ఇంట్లో, చేతులకు సంకెళ్ళతో విఠల్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అతనికి కోపం పట్టుకున్నవాళ్ళ మీద లేదు, విజయశ్రీ మీద ఉంది.

"నేను చిక్కడపల్లి మలుపుల మేడ మీద తుపాకోన్ని పెట్టిన. అక్కడ బండి ఎట్లనన్న స్లో అయితది. డ్రైవర్‌ను ఒక్క దెబ్బకు లేపేద్దమనుకున్న. గామెనే వద్దన్నది. వారం దినాలు నా చెవుల జోరీగ లెక్క అదే నస. కాల్పులైతే పోలీసులొస్తరు, మన ఆయిల్ పోస్తే బండి అదే ఆగుతది, ఎవలికి పరేషాన్ లేదు అన్నది. నాకు నమ్మకం గాక ముషీరాబాద్‌ల అడిగిపిచ్చిన, నిజమే అన్నరు. తుపాకోన్ని వాపస్ పంపిన. ఆ వారమంత ఆమెను ఒక్క నిమిషం గూడ ఒంటిగ ఇడ్వలే." ఇంద్రసేన మొహంలోకి చూసి ఉమ్మేసినట్టు అన్నాడు. "నువ్వు ఆయిల్ దించుతవని దానికి ముందే తెల్సు. నన్ను పాగల్‌గాన్ని చేసింది."

శ్రీరామమూర్తి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంద్రసేనకు ఇప్పుడు అర్థమైంది. తుపాకీ గుండును ఆమె ఆయిల్‌గా మార్చి తెచ్చింది. అతని దగ్గర విరుగుడు ఉన్న ఒకే ఒక్క విషం అది. దాన్ని తన చేత్తో పోసి, స్టార్ట్ చెయ్యనీయకుండా అడ్డుపడి, ఎర్రబడ్డ కళ్ళతో చెప్పాల్సిందంతా చెప్పి వెళ్ళింది. అతను అంతా విని, బూత్‌కి నడిచి వెళ్ళి ఆమెను అమ్మేశాడు.

* * *

ఆసుపత్రిలో ఆమె కుడి భుజం నిండా కట్టు. బతికింది. ఆ చెయ్యి మాత్రం ఇక పైకి లేవదని డాక్టరు చెప్పేశాడు.

"పెట్టె చేరిందా?"

"చేరింది."

"ఆయిల్ ఎప్పుడు దించిండ్రు మీరు?"

మీరు. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె అతణ్ణి ఎన్నడూ మీరు అనలేదు.

"నువ్వు పోయిన ఎంబడే."

"స్టార్ట్ చెయ్యకముందే కదా?"

"ముందే."

"గంతే చాలు." కళ్ళు మూసుకుంది. "మలుపుల తుపాకీ పెట్టిండ్రని తెలిసిననాడు నాకేం తోచలే. మీరు చెప్పిన ముచ్చట్లన్ని యాది జేసుకున్న. పానం కాపాడే ముచ్చట గదొక్కటే దొరికింది."

"విజయా, నేను..."

"మనోళ్ళిద్దరు ఎదురుంగ ఉంటరనుకున్న. పాన్ డబ్బా కాడ చూసిన, బస్టాపుల చూసిన. నిలబడ్డ ప్రతి మొగోని మొఖం చూసిన, మనోడేనా అని."

"నేనే వద్దన్న" అన్నాడు ఇంద్రసేన.

"తెల్సు. మూర్తి సార్ చెప్పిండు." కళ్ళు తెరిచి అతని వంక చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఆయిల్‌ను ఒక్క చూపుల గుర్తువట్టిండ్రు. పోసిన మనిషిని గుర్తువట్టలే. పోండ్రి ఇగ. నాకు నిద్రొస్తున్నది."

ఇంద్రసేన వరండాలో నిలబడి ఏడ్చాడు. సీక్రెట్ ఏజెంట్లు ఏడవకూడదని ట్రెయినింగ్‌లో చెప్పారు గాని, ఏడుపు వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ నిద్రపోతోందని నర్సు చెప్పింది. మూడోసారి మంచం ఖాళీగా ఉంది. వరంగల్‌లో అక్క దగ్గరకు వెళ్ళిపోయిందట. అడ్రసు ఇవ్వొద్దందట.

నారాయణగూడ హోర్డింగ్ మీద ఆమె నవ్వు వానలకు వెలిసిపోయేదాకా ఉంది. అతను అటు వెళ్ళాల్సి వస్తే హిమాయత్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు.

రాజీనామా ఇస్తే శ్రీరామమూర్తి గైడులో పెట్టుకుని మరిచిపోయినట్టు నటించాడు. గ్యారేజీ నడుస్తూనే ఉంది. పాత జీపులూ ట్రక్కులూ ఉన్నవాళ్ళు ఊరి నలుమూలల నుంచి వచ్చి, ఏ ఆయిల్ పొయ్యాలో ఇంద్రసేననే అడుగుతారు. బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి, రెండు వేళ్ళ మధ్య రుద్ది ఇట్టే చెప్తాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆయిల్ గురించి తప్ప ఇంకే విషయంలోనూ అతని సలహా ఎవరూ అడగరు. అది వాళ్ళ అదృష్టం.